పొడవని బస్తాలు

పోయిన వారం మా ఆఫీసుకు ఒక పెద్దమనిషి వచ్చాడు. నేను పటాన్‌చెరు దగ్గర పంపులు తయారుచేసే ఒక కర్మాగారంలో, కొనుగోళ్ల విభాగంలో పనిచేస్తాను. ఆయన మాకు పోత ఇనుప భాగాలు సరఫరా చేస్తాడు. కొత్త ఒప్పంద పత్రం ఆయన ముందు పెట్టాను. ఆయన సరాసరి చివరి పేజీ తెరిచి, పెన్ను మూత తీసి, ఎక్కడ పెట్టాలి సార్ అన్నాడు. ముందు చదవండి అన్నాను. నవ్వాడు. మీరు రాసినాక మళ్ళీ చదువుడేంది, మీ మీద నమ్మకం లేకనా అంటూ పెన్ను కాగితానికి ఆనించాడు. నేను ఆ కాగితాన్ని గబుక్కున లాగేశాను. గీత బల్ల మీద పడింది. ఆయన బిత్తరపోయాడు, పక్క బల్ల దగ్గరి అమ్మాయి తలెత్తి చూసింది. క్షమించమని చెప్పి, నీళ్లు తెప్పించి, ఒక్కొక్క నియమం చదివి వినిపించాను. మధ్యలో ఆయన రెండుసార్లు ఆవలించాడు. ఆవలిస్తే ఆవలించనీ అనుకున్నాను. నమ్మకం కొద్దీ చదవకుండా సంతకం పెట్టిన మనిషిని నేను ఇంతకు ముందు ఒకసారి చూశాను. ఆ సంతకం పుణ్యమా అని ఒక అరచెయ్యి కందుల బస్తాకు మేకు కొట్టినట్టు దిగబడిపోవడం కూడా చూశాను.

ఆ బస్తా మా మేనమామ మిల్లులోది. నారాయణఖేడ్‌లో ఊరు దాటగానే, బస్సులు చివరి మలుపు తిరిగే చోట, మామ ఒక కందిపప్పు మిల్లు లీజుకు తీసుకుని నడిపేవాడు. ఇంజినీరింగు అయిపోయి ఉద్యోగం దొరకని రోజుల్లో నేను అక్కడే ఉండేవాణ్ణి. మిల్లు నడుస్తున్నంతసేపూ లోపల మాటలు వినిపించవు. అందరూ అరుస్తారు, లేకపోతే సైగలు చేస్తారు. పసుప్పచ్చ దుమ్ము కనురెప్పల మీద, చాయ కప్పుల్లో, రాత్రి పడుకుంటే దిండు మీద కూడా ఉండేది. కందిపొట్టు కోసం బర్రెలున్నవాళ్లు పొద్దున్నే వచ్చి వరుస కట్టేవాళ్లు, ఆ వరుసలో కూడా రోజుకొక కొట్లాట. మామ కోపానికి ఒక క్రమం ఉండేది. ముందు మోటారును తన్నేవాడు, తర్వాత తలుపును, ఆ తర్వాత మనిషిని. మోటారు దగ్గరే ఆగిపోతే అది మంచి రోజు. నాకు ప్రతి పనినీ వరసగా రాసుకునే అలవాటు. మోటారు తరచూ ఎందుకు కాలిపోతోందో కారణాలు రాసి గోడకు అంటించాను. మొదటి కారణంగా 'యజమాని కాలు' అని రాశాను. మామ చదివి, చాలాసేపు నవ్వి, ఆ కాగితం చింపి, నా వీపు మీద ఒకటి వేశాడు. ఆ దెబ్బలో ప్రేమ ఎంతో, కోపం ఎంతో కొలిచే పరికరం ఏ కాలేజీలోనూ నాకు కనబడలేదు.

మిల్లుకు కందులు తెచ్చేవాళ్లు చాలామంది. వాళ్లలో ఒకాయన్ని మాత్రం నేను కాకా అని పిలిచేవాణ్ణి. చుట్టం కాదు, కంగ్టి వైపు ఒక పల్లె ఆయనది. చుట్టుపక్కల ఊళ్లలో రైతులు తమ కందులు ఆయన చేతిలో పెట్టేవాళ్లు. కాగితం లేదు, ముందస్తు బయానా లేదు. కాకా తీసుకుపోయిండు అంటే అమ్ముడుపోయినట్టే. మిల్లు దగ్గర లెక్క తేలాక ఆయనే ఇంటింటికీ తిరిగి పైకం ఇచ్చేవాడు. ఆయన సొంత భూమి రెండు రాళ్లచెలకలు, అవి ఆయన్ను ఎప్పుడూ పోషించలేదు. ఆయన్ను పోషించింది ఆ మాటే. ఆదివారం చర్చిలో అందరికంటే గట్టిగా పాడేవాడు. సోమవారం ఎవరితోనైనా కలబడేవాడు. మెడ ఎద్దు మెడలా ఉండేది. ఎవరైనా ఒక చెంప మీద కొడితే రెండో చెంప చూపమన్నాడు గదా దేవుడు, కాకా అని ఒకసారి అడిగితే, "అది కొట్టించుకున్నోనికి చెప్పిండు బిడ్డా, కొట్టినోనికి గాదు" అన్నాడు.

ఇక్కడ గొట్టం సంగతి చెప్పాలి. బస్తా కుట్లు విప్పకుండా లోపలి గింజ ఎట్లా ఉందో చూడటానికి ఒక ఇనుప గొట్టం వాడతారు. జానెడు పిడి, ముందు సూదిమొన, మధ్యలో కాలువలాగా సగం తెరిచి ఉంటుంది. పొడిస్తే గింజలు ఆ కాలువ వెంట జారి చేతిలో పడతాయి. తడి ఉందా, పుచ్చు ఉందా, అడుగున మట్టి కలిపారా అన్నీ తెలిసిపోతాయి. పైన మంచి గింజ పోసి లోపల చెత్త నింపేవాళ్లూ, బరువు కోసం నీళ్లు చల్లేవాళ్లూ ఉంటారు కాబట్టి మిల్లుకు వచ్చిన ప్రతి బస్తాకు ఆ పోటు తప్పదు. ఎవరూ ఏమీ అనుకోరు. ఒక్క కాకా బస్తాలకు మాత్రం మామ గొట్టం తగలనిచ్చేవాడు కాదు. నేరుగా కాంటా మీదికి, అక్కడి నుంచి మిల్లులోకి. ఇది ఎట్లా మొదలైందో నాకు అత్త చెప్పింది.

మామ మిల్లు పెట్టిన కొత్తలో కాకా మొదటి బండి తోలుకొచ్చాడట. మామ అన్ని బస్తాలూ పొడిచాడు. ఏమీ దొరకలేదు. దొరకకపోవడమే ఆయనకు అనుమానమైంది. ఒక బస్తాను నేల మీద కుమ్మరించాడు, అప్పుడూ ఏమీ లేదు. చివరికి నాలుగు గింజలు నోట్లో వేసుకుని నమిలి, ఉమ్మి, ముక్కిన వాసన అన్నాడు. ఆ మాట పూర్తయ్యేలోపు కాకా చేతిలోని తూకం రాయి ఆయన నోటికి తగిలింది. ముందు పన్ను ఒకటి రాలి కుమ్మరించిన కందుల్లో పడింది. మామ హమాలీ చేతిలోంచి బస్తాలు ఎత్తే కొక్కెం లాక్కుని కాకా వీపును భుజం నుంచి నడుము దాకా చీరాడు. ఇద్దరూ ఒకరి గొంతు ఒకరు పట్టుకుని పొట్టు కుప్పలో పడ్డారు. తీరా జనం విడదీశాక, దవాఖానకు పోదామంటే రోడ్డు మీద ఒకటే ఆటో ఉంది. రక్తం కారుతున్న ఇద్దరూ ఆ ఒక్క ఆటోలో పక్కపక్కనే కూర్చుని పోయారు. ఆటోవాడు దారి పొడుగునా తన కొత్త సీటు కవరు గురించి ఏడ్చాడట. కాంపౌండరు ఒకరికి కుట్లు వేస్తుంటే ఇంకొకరు దీపం పట్టినట్టు పక్కనే నిలబడ్డారు. బయటికి వచ్చాక నోట్లో దూదితోనే మామ, నీ బస్తా ఇగ నేను పొడవ అన్నాడట. పొడిస్తే ఈసారి పన్నుతోని పోదు అని కాకా జవాబు. "గదే వాళ్ల ఒప్పందం. సాక్షి కాంపౌండరు" అనేది అత్త.

అది తమాషాగా మొదలైనా, పోను పోను దాని మీదే కాకా బతుకు నిలబడింది. నారాయణఖేడ్‌లో మిల్లు సేటు ఆయన బస్తాలను పొడవడు అన్న మాట కంగ్టి దాకా పోయింది, మనూర్ దాకా పోయింది. పొడవని మనిషికి ఇచ్చిన గింజ ఎక్కడికీ పోదు అని రైతులు అనుకునేవాళ్లు. కాకా ఏ కల్లంలోకి వెళ్లినా అడగకముందే బస్తాలు కట్టేవాళ్లు. ఆ మాట పోతే ఆయన చేతిలో ఇంకేమీ లేదు. ఆ సంగతి ఆయనకు తెలుసు, మామకూ తెలుసు.

నేను మిల్లులో ఉన్న ఏడాదే పట్నం నుంచి ఒక కంపెనీ వచ్చింది. సీజను మొత్తం పప్పు మేమే కొంటాం అన్నారు, మామకు నిద్ర పట్టలేదు. వాళ్ల షరతు ఒకటి. మిల్లుకు కందులు ఇచ్చే ప్రతివాడితోనూ రాతపూర్వకంగా ఒప్పందం ఉండాలి. నమూనా వాళ్లే పంపారు, దాన్ని తెలుగులోకి మార్చి, నియమాలకు వరస అంకెలు వేసి టైపు చేసే పని నాది. ఏడో నియమం, వచ్చిన ప్రతి సరుకు నుంచీ కంపెనీ మనిషి గొట్టంతో నమూనా తీస్తాడని చెబుతుంది. ఇది కాకాకు కుదరదు మామా అని టైపు చేసిన రోజే చెప్పాను. తెలుసు, నేను సూస్కుంట అన్నాడు. తర్వాత తెలిసింది ఆయన ఆలోచన ఏమిటో: కంపెనీ వాడు వచ్చినప్పుడు లోపల కూర్చోబెట్టి, చాయ తాగించి, ఇంకెవరి బస్తాలోనో తీసిన గుప్పెడు గింజలు వాడి సంచిలో పోసి పంపడం. లోకంలో పనులన్నీ చాయతో అవుతాయని మామ నమ్మకం. అప్పటిదాకా అయ్యాయి కూడా.

సంతకాల రోజు కాకా వచ్చి బల్ల మీద కూర్చున్నాడు. నేను కాగితం తీసి గొంతు సవరించుకున్నాను. మామ నన్ను ఎగాదిగా చూశాడు. "ఏంది, చదివి వినిపిస్తవా? ఆయన నేను కొట్లాడుకుంటమని ఇప్పట్నుంచే సాక్ష్యం తయారు చేస్తున్నవా?" అన్నాడు. నేను కాకా వైపు తిరిగాను. ఆయనకు చదువు వచ్చు, బైబిలు నీళ్లలా చదివేవాడు. ఆయన మామకంటే ఎక్కువ నొచ్చుకున్నాడు. "చదివితె నేను సంతకం పెట్ట బిడ్డా. చదవకుంటె పెడ్త" అన్నాడు. చదివితే ఎదుటివాణ్ణి అనుమానించినట్టని ఇద్దరి లెక్క. మామ చెప్పలేదు, చెబితే మాట తప్పుతున్నట్టు అవుతుందని. కాకా అడగలేదు, అడిగితే మాట నమ్మనట్టు అవుతుందని. ఒకరి మర్యాద ఒకరు కాపాడుకుంటూ ఇద్దరూ అంత చక్కగా నరకంలోకి నడిచారు. కాకా సంతకం పెద్దగా, అందంగా ఉండేది. పెట్టి, ఊది, కాగితం నాకిచ్చి, మిగిలిన చాయ సాసరులో పోసుకుని తాగాడు.

క్రిస్మస్ అయిన కొన్నాళ్లకు మొదటి లారీ వచ్చింది. మొదటి లారీతో పాటు రైతులు కూడా రావడం ఒక ఆనవాయితీ. బస్తాల మీద కూర్చుని పాటలు పాడుకుంటూ వస్తారు, కాంటా అయ్యాక మిల్లులోనే జొన్న రొట్టె, కూర తిని పోతారు. ఆ రోజు రెండు ఊళ్ల వాళ్లు వచ్చారు. డ్రైవరు పక్కన ఒక ముసలమ్మ కూర్చుంది. కాకా ఆమెను పెద్దమ్మా అని పిలిచేవాడు. ప్రతి ఏడూ ఆమె సరుకే ముందు కాంటా ఎక్కేది. లోపల అత్త కూర తాలింపు పెడుతోంది. కంపెనీ మనిషి కూడా అదే సమయానికి మోటారు సైకిలు మీద దిగాడు. నా వయసువాడే. తెల్లని బూట్లు, భుజానికి సంచి, చేతిలో కొత్తగా మెరిసే గొట్టం. మామ రండి రండి అని చాయ తెప్పించాడు. ఆ అబ్బాయి చాయ తాగడట. వేడినీళ్లు ఉంటే చాలు, ముందు పని చూసుకుంటా అన్నాడు. మామ చాయ కప్పు చేత్తోనే లేచాడు. అడ్డం పడబోయేలోపు ఆ అబ్బాయి లారీ దగ్గరికి పోయి, చేతికి అందిన బస్తాలో గొట్టం దింపాడు.

పైన పాట ఆగిపోయింది. కాకా లారీ మీంచి దూకాడు. నడిచి రాలేదు, ఆ అబ్బాయి మీదికే దూకాడు. ఇద్దరూ కింద పడ్డారు. కాకా ఎడమచేత్తో గల్లా పట్టి లేపి కుడిచేత్తో మొహం మీద గుద్దాడు. ముక్కు విరిగిన చప్పుడు ఎండుకట్టె విరిగినట్టు వచ్చింది, తెల్ల బూట్ల మీద ఎర్రగా పడింది. ఆ అబ్బాయి ముక్కు పట్టుకుని, మీరే సంతకం పెట్టారు కదా, ఏడో నియమం అని ఏడుపు గొంతుతో చెబుతూనే ఉన్నాడు. తన్నులు తింటూ నియమం అంకె సరిగ్గా చెప్పిన మనిషిని నేను మళ్ళీ చూడలేదు. కాకా గల్లా వదలకుండానే మామ వైపు తిరిగాడు.

"సేటూ, ఇది వాని మాటనా, నీ మాటనా? మా వోళ్ల ముంగట చెప్పు."

"ముందు గల్ల ఇడువు."

"కాయిదంల ఉన్నదా?"

మామ ఒక్క అబద్ధం ఆడితే సరిపోయేది. నాకు తెలియదు, వాడే సొంతంగా చేశాడు అంటే చాలు, రైతుల ముందు కాకా మాట నిలిచేది. మామకు అబద్ధాలు రాక కాదు, రోజుకు పది ఆడేవాడు. కాని తన వాకిట్లో తన అతిథి గల్లా పట్టుకుని తనను నిలదీశాడు, పైగా హమాలీలంతా చూస్తున్నారు. "ఉన్నది. నీ సంతకం మీదనే ఉన్నది" అన్నాడు.

కాకా ఆ అబ్బాయిని వదిలేశాడు. అందరం ఊపిరి తీసుకున్నాం. ఆయన వంగి, కింద పడిన గొట్టం అందుకున్నాడు. "ఒక్కటి ఎందుకు, అన్ని పొడువుదాం" అన్నాడు. అని తన బస్తాలనే పొడవడం మొదలుపెట్టాడు. నమూనా తీసే పోటు కాదు అది, పందిని పొడిచే పోటు. పొడిచి, అడ్డంగా గుంజి చీల్చేవాడు. ఒక బస్తా, దాని పక్కది, దాని కిందిది. గోనె చిరిగిన ప్రతిచోటా కందులు ధారగా నేల మీద పడ్డాయి. లారీ పక్కన వాన పడుతున్నట్టు చప్పుడు. రైతులు పైనుంచి కాకా, కాకా, వద్దు అని అరుస్తున్నారు. ఒకడు కిందికి దిగి చెయ్యి పట్టుకోబోతే మోచేత్తో వాడి దవడ పగలగొట్టాడు. అప్పుడు మామ పరిగెత్తాడు. కాకాను కొడతాడనే అనుకున్నాం అందరం. కాని ఆయన కాకాకూ బస్తాకూ మధ్యకు పోయి, చెయ్యి చాచి, పొడవబోయే బస్తా మీద అరచెయ్యి కప్పాడు. గొట్టం అప్పటికే దిగిపోతోంది.

అది చేతి వెనక నుంచి వేళ్ల ఎముకల మధ్యగా దిగి, అరచెయ్యిని బస్తాకు కుట్టేసింది. గొట్టం తన పని తాను చేసింది. లోపలి కందులు దాని కాలువ వెంట జారి, మామ చేతి మీదుగా, మొదట పొడిగానే, తర్వాత రక్తంలో తడిసి, ఒకటొకటిగా కింద పడ్డాయి. కాకా పిడి పట్టుకుని అట్లాగే నిలబడ్డాడు. మామ చాలా నెమ్మదిగా, పిల్లవాడికి చెప్పినట్టు, "గుంజకు. గుంజకు తమ్మీ" అన్నాడు.

హమాలీలకు కనిపించింది మాత్రం రక్తం, కాకా చేతిలో పిడి. వాళ్లు కొక్కేలతో మీదపడ్డారు. కాకా చేతుల్లోంచి పిడి జారింది, ఆయన కింద పడ్డాక కూడా తన్నడం ఆపలేదు. ఒకడు కొక్కెం తిరగేసి భుజం మీద దించాడు. రైతులు లారీ మీంచి దూకి వాళ్లను కొట్టారు. పార, కట్టె, తూకం రాళ్లు, చేతికి ఏది దొరికితే అది. లారీ అద్దం పగిలింది. నేను మెయిన్ స్విచ్ దగ్గరికి పరిగెత్తాను. తోపులాటలో ఎవడైనా బెల్టులో పడితే చెయ్యి ఊడొస్తుంది, నాకున్న చదువు నాకు చెప్పిన ఒకే ఒక్క సంగతి అది. ఆపాను. అంతవరకూ మిల్లు మోతలో అది తగాదాలాగా ఉంది. మోత ఆగేసరికి దెబ్బలు విడివిడిగా వినిపించాయి. మాంసం మీద కట్టె పడితే ఒక చప్పుడు, ఎముక మీద పడితే ఇంకొకటి. ఆ తేడా నాకు ఆ రోజు దాకా తెలియదు, తెలియకపోయినా బాగుండేది. ఆ మధ్యలో పెద్దమ్మ లారీ దిగి, ఎవరినీ చూడకుండా, నేల మీద కూర్చుని కందులు కొంగులోకి ఎత్తుకుంటోంది. ఎవడో ఆమె వేళ్లు తొక్కాడు. ఆమె చెయ్యి విదిలించుకుని మళ్ళీ ఎత్తింది.

మామను గొట్టంతోనే దవాఖానకు తీసుకుపోయాం. బస్తాను కోసి, చేతిని గొట్టంతో సహా విడదీసి, కండువాలో చుట్టాం. కాకాను వేరే ఆటోలో తెచ్చారు. ఈసారి ఆటోలకు కొరత లేదు. సంగారెడ్డిలో మామ చేతికి ఆపరేషన్ అయింది. రెండు వేళ్లు మళ్ళీ మడవలేదు. కాకాకు పక్కటెముకలు విరిగాయి, భుజం జారింది. పోలీసులు వచ్చి అడిగితే మామ మంచం మీద పడుకునే చెప్పాడు. "ఆయన బస్తాను పొడిచిండు సార్. చెయ్యి నేనే అడ్డం పెట్టిన." ముక్కు విరిగిన అబ్బాయి ఎందుకో కేసు పెట్టకుండానే పోయాడు. కంపెనీ మాత్రం మా ఒప్పందాన్ని రద్దు చేసింది, అందులో ఉన్న నియమం ప్రకారమే, అంకె వేసి మరీ.

ఆ తర్వాత మామ, కాకా ఒకరినొకరు చూడలేదు. ఊళ్లలో మిగిలిన కందులు రైతులు ఎవరికి తోచినట్టు వాళ్లు అమ్ముకున్నారు. కాకా మంచం దిగేసరికి ఎండలు ముదిరాయి. ఆయన ఇద్దరు కొడుకులూ పనికి పట్నం పోయారు, ఆయన చర్చిలో వెనక వరసలో కూర్చుని పెదవులు మాత్రం కదుపుతున్నాడని ఎవరో చెప్పారు. వానలు వచ్చాయి, కందులు వేశారు, పూత వచ్చింది, కోశారు. కల్లాలు మొదలయ్యాయన్న రోజు మామ నన్ను పిలిచాడు. ఆ భుజంతో కాకా బండి నడపలేడు, నువ్వు తోలుకొనిపోయి ఊళ్లు తిప్పు అన్నాడు. ఎవరైనా అడిగితే ఏం చెప్పను అంటే, చూసింది చెప్పమన్నాడు. "ఎక్కువ చెప్పకు, తక్కువ చెప్పకు." బాగున్న చేత్తో ఆ మడవరాని వేళ్లు రుద్దుకుంటూ చెప్పాడు. క్షమాపణ అనే వస్తువు మా ఇంట్లో ఎప్పుడూ తయారు కాలేదు. ఇట్లాంటి ముడి సరుకు మాత్రం దొరికేది.

నేను పోయేసరికి కాకా ఇస్త్రీ చొక్కా వేసుకుని గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు. వస్తానని ఎవరూ చెప్పలేదు. మోటారు సైకిలు మీద నా వెనక ఎక్కి కూర్చున్నాడు. మొదటి కల్లంలో మంచినీళ్లు ఇచ్చి, ఈసారి గింజ తక్కువైంది అన్నారు. కుప్ప మా కళ్ల ముందే ఉంది. రెండో ఊళ్లో ఒక పడుచువాడు కల్లం గట్టు మీద కూర్చుని, "ఏం కాకా, గొట్టం తెచ్చుకున్నవా, మేమే ఇయ్యాల్నా?" అన్నాడు. కాకా వాడి మీదికి పోయాడు. కాని చెయ్యి సగం లేచి ఆగిపోయింది, భుజం సహకరించలేదు. వాడు ఛాతీ మీద ఒక్క తోపు తోస్తే వెల్లకిలా పడ్డాడు. పడ్డ మనిషిని వాడు కాలితో ఒకటి తన్ని, నాకేసి చూసి, ఆగాడు. కాకా లేచి ఇస్త్రీ చొక్కా దులుపుకున్నాడు. వెనక్కి పోదామా అన్నాను. పెద్దమ్మ కల్లం ఒకటి చూసి పోదాం అన్నాడు. ఆమె కాదంటే ఇంకెవరూ ఇవ్వరని ఇద్దరికీ తెలుసు.

ఆమె కల్లంలో కోడలితో కలిసి తూర్పారబడుతోంది. చేట దించకుండానే కాకాను పైనుంచి కిందికి చూసింది. ఆయన దారంతా మనసులో అనుకుంటూ వచ్చిన మాటలు మొదలుపెట్టాడు. పట్నపోడు నా ఇజ్జత్ తీసిండు, సేటు కాయిదం సంగతి చెప్పలే, నేను నమ్మి సంతకం పెట్టిన, అందరు కలిసి నన్ను దొంగను చేసిన్రు. ఆమె చేట కింద పెట్టింది.

"నీ ఇజ్జత్ నువ్వు సూస్కో. నా కందులు ఎవడు పొడిచిండు?"

చుట్టుపక్కల కల్లాల నుంచి జనం పని ఆపి చూస్తున్నారు.

"ఎవడు పొడిచిండు రా?"

"నేనే పెద్దమ్మా."

ఆమె కొట్టిన దెబ్బకు కాకా తల పక్కకు తిరిగింది. ఎముకల గూడులాంటి మనిషి, అంత బలం ఎక్కడి నుంచి తెచ్చిందో. మళ్ళీ కొట్టింది, ఆయన మెడ కదిలించలేదు. పెదవి చిట్లి గడ్డం మీదికి కారింది. ఆయన తుడుచుకోలేదు. వాడు ఒక్క బస్తా పొడిచిండు, నువ్వు అన్ని చీల్చినవు, ఏడాది కష్టం మన్నుల పోసినవు, నీ కోపానికి మా గింజే దొరికిందా అని ఆమె గొంతు పెంచకుండా, చేట చప్పుడంత గొంతుతో తిట్టింది. ఊళ్లో ఎవరి మీదైనా చెయ్యి లేపిన కాకా, మందలించిన పిల్లవాడిలా చేతులు వేలాడేసి నిలబడ్డాడు. నాకు అప్పుడు అర్థమైంది. ఏడాదంతా ఆయన తన మాట ఎవరో తీసేశారని కుమిలిపోయాడు. వీళ్లు చూస్తున్నది మాత్రం ఆ గొట్టం ఎవరి చేతిలో ఉందన్నది.

తిట్టడం అయిపోయాక ఆమె కోడలి వైపు తిరిగి బస్తాలు తియ్యమంది. కాకా తడబడుతూ, ఈసారి కాయిదం రాసిస్త పెద్దమ్మా, సేటు అల్లుడు ఈడనే ఉన్నడు అన్నాడు.

"కాయిదమెందుకు రా, నీ చెంప మీద రాసిన గదా" అని ఆమె మళ్ళీ చేట అందుకుంది.

ఆ దెబ్బ మా బండి కంటే ముందు ఊళ్లు తిరిగింది. సాయంత్రానికి నీళ్లు ఇచ్చి పంపిన కల్లం వాళ్లు, వచ్చి గింజ తీసుకుపొమ్మని కబురు పంపారు. తోసిన పడుచువాడి ఇంటివాళ్లు పంపలేదు, ఆ ఏడాది ఇవ్వనూ లేదు. కాకా అది కూడా ఒప్పుకున్నాడు. తిరిగి వస్తుంటే ఆయన నా వెనక కూర్చుని, ఎండిన పెదవితో నవ్వుతూ, "గట్టిగ కొట్టింది బిడ్డా" అని ఒక్క మాట అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి ఏదో కీర్తన అందుకున్నాడు. రోడ్డు గుంతలమయం కావడంతో స్వరం ఎక్కడికక్కడ ఎగిరిపడుతోంది.

ఇప్పుడు మా ఆఫీసులో సరఫరాదారులతో సంబంధాల గురించి బోర్డు మీద గీతలు గీసి శిక్షణ ఇస్తుంటారు. ఒక గడిలో నమ్మకం, ఒక గడిలో ఒప్పందం, మధ్యలో బాణం. నేను బుద్ధిగా రాసుకుంటాను, కాని ఆ బొమ్మలో పెద్దమ్మను ఎక్కడ గీయాలో ఎవరూ చెప్పలేదు. ఆ మొదటి లారీకీ ఆ కల్లానికీ మధ్య ఒక పంట కాలం గడిచింది, అందులో ఎవరూ ఎవరితోనూ ఏమీ తేల్చుకోలేదు. వాన కోసం చూశారు, కలుపు తీశారు, అంతే. కాలం అన్నిటినీ మాన్పుతుందని పెద్దలు అంటారు. నేను చూసినంతలో అది ఏదీ మాన్పదు. తిప్పి తిప్పి మనిషిని మళ్ళీ కల్లం దాకా తెచ్చి నిలబెడుతుంది, చెంప చూపించాల్సింది మాత్రం మనమే.